ఆగడం కూడా ఒక విద్యే

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో మనం చేయగలిగిన పని ఏమిటో ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఆరోగ్యం గురించి, పెన్షను గురించి, ఆధ్యాత్మికం గురించి చెప్పగలిగిన పెద్దలు ఈ సభలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన విషయం ఒక్కటే, బ్రేకు. ముప్పై మూడేళ్ళ ఆర్టీసీ సర్వీసులో ఎక్కువ భాగం డిపో గ్యారేజీల్లో బ్రేకు పనితోనే గడిచింది. 2012లో రిటైరై శంషాబాదులో స్థిరపడ్డాను. అందుకని బ్రేకుల గురించే మాట్లాడతాను. అయితే బస్సు బ్రేకులు కావు, రోబోల బ్రేకులు. కొందరు నవ్వుతున్నారు. ఫరవాలేదు. చివరికి వచ్చేసరికి రెండూ ఒకే విద్య అని మీరే అంటారని నా నమ్మకం.

మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో శంషాబాదు అంటే బెంగుళూరు రోడ్డు మీద ఒక స్టేజీ. విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. 2008 మార్చిలో కొత్త విమానాశ్రయం మొదలయ్యాక ఊరి రూపమే మారిపోయింది. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు కూడా వెలిశాయి. మా వీధిలోనే నలుగురు విద్యార్థులు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవారు. రాత్రి పదకొండు దాటినా డ్రిల్లింగు మిషను చప్పుడు. ఒకనాడు "ఏం చేస్తున్నారు బాబూ?" అని వెళ్ళి అడిగాను. "రోబో చేస్తున్నాం అంకుల్, పోటీకి" అన్నారు. అలా మొదలయింది నా రెండో సర్వీసు.

పోటీ రోబో అంటే ఏమిటి?

రోబో అనగానే సినిమాల్లో చూపించే మరమనిషిని ఊహించుకోవద్దు. చక్రాల మీద నడిచే ఒక చట్రం, దానికి నాలుగైదు మోటార్లు, ఒక బ్యాటరీ, ఒక చెయ్యి. అంతే. బంతిని ఎత్తి బుట్టలో వేయడం, వస్తువును మోసుకుపోయి పేర్చడం, కడ్డీ పట్టుకుని పైకి ఎక్కడం వంటి పనులు దానికి అప్పగిస్తారు. ఆసియా, పసిఫిక్ దేశాల ప్రసార సంస్థలు కలిసి నడిపే రోబోకాన్ పోటీ 2002లో టోక్యోలో మొదలైంది. మన దేశంలో దాని బాధ్యత దూరదర్శన్‌ది. 2008లోనూ, 2014లోనూ ఆ అంతర్జాతీయ పోటీ పుణెలోనే జరిగింది. అమెరికాలో ఫస్ట్ అనే సంస్థ బడిపిల్లలకు 1992 నుంచి ఇటువంటి పోటీలు పెడుతోంది. వీటితోపాటు రోబోలు కుస్తీ పట్టే పోటీలు కూడా ఉన్నాయి. ఒకదాన్నొకటి ఢీకొట్టి పడగొట్టుకుంటాయి. బొంబాయి ఐఐటీ టెక్‌ఫెస్ట్‌లో జరిగే రోబోవార్స్ ఈ కోవలోదే.

ఈ పిల్లలు వేగం గురించి ఎంతో చదువుతారు. ఏ మోటారు ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఏ గేరు ఎంత లాగుతుందో నోటికి చెబుతారు. "ఎలా ఆగుతుంది?" అని అడిగాను. "మోటారు ఆపేస్తే ఆగుతుంది కదా అంకుల్" అన్నారు. పరుగెత్తి పాలు తాగడం గురించే వాళ్ళ ఆలోచన అంతా, నిలబడి నీళ్ళు తాగడం గురించి ఎవరూ చెప్పలేదు పాపం.

ఆపినప్పుడు ఆ శక్తి ఎటు పోతుంది?

కదిలే ప్రతి వస్తువులోనూ శక్తి ఉంటుంది. బరువు రెట్టింపైతే ఆ శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం నాలుగింతలవుతుంది. బ్రేకు ఆ శక్తిని మాయం చేయలేదు, వేడిగా మారుస్తుంది. కొన్ని లెక్కలు చెబుతాను, ఓపిక పట్టండి.

యాభై కిలోల రోబో సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉన్న శక్తి 400 జౌళ్ళు. ఒక గ్లాసుడు నీళ్ళను అర డిగ్రీ వేడి చేయడానికి అది సరిపోతుంది. పదిహేను టన్నుల నిండు బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో సుమారు 21 లక్షల జౌళ్ళు ఉంటాయి. ఏడు లీటర్ల చన్నీళ్ళను మరిగే దాకా తేగల వేడి అది. మా ఇంటి మీదుగా పోయి శంషాబాదులో దిగే విమానం 65 టన్నుల బరువుతో, గంటకు 240 కిలోమీటర్ల వేగంతో నేలను తాకితే దానిలో ఉన్నది 14 కోట్ల జౌళ్ళ పైమాట. కొంత గాలి తీసుకుంటుంది, కొంత ఇంజన్లు ఎదురు ఊది తగ్గిస్తాయి, మిగిలినది చక్రాల్లోని బ్రేకులు మింగాలి. రన్‌వే 4,260 మీటర్ల పొడవుంది కదా అని బ్రేకుకు సెలవు ఇవ్వరు.

ఈ లెక్క చూస్తే రోబో బ్రేకు పిల్లలాట అనిపిస్తుంది. నడిచే రోబోకు వేడి పెద్ద బాధ కాదన్న మాట నిజమే. దాని బాధలు వేరు. రెండు మూడు నిమిషాల ఆటలో అది వంద సార్లు ముందుకు, వెనక్కు దూకుతుంది. ప్రతి దూకుడుకూ గేరు పళ్ళ మీద, ఇరుసు మీద, గొలుసు మీద దెబ్బ పడుతుంది. అంటే దాన్ని చంపేది వేడి కాదు, కుదుపు.

కుస్తీ రోబోకు మాత్రం వేడి లెక్క తప్పదు. ఐదు కిలోల ఉక్కు పళ్ళెం, 30 సెంటీమీటర్ల వ్యాసం, నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకోండి. దానిలో ఉన్న శక్తి సుమారు 11,000 జౌళ్ళు. యాభై కిలోల రోబో గంటకు 76 కిలోమీటర్ల వేగంతో పోతే ఎంత శక్తి ఉంటుందో అంత. చూడటానికి మన ఇంట్లో అన్నం పళ్ళెమంతే ఉంటుంది! ఆట ముగిశాక, "అయిపోయింది కదా" అని పిల్లవాడు చెయ్యి పెట్టేది దాని పక్కనే. అందుకే ఈ పోటీల్లో విరివిగా పాటించే నియమావళిలో, తిరిగే ఆయుధం కరెంటు తీసేసిన 60 సెకన్లలో తన సొంత బ్రేకుతో పూర్తిగా ఆగాలని షరతు ఉంది. బ్రేకు అంటే మార్కుల కోసం కాదు, వేళ్ళ కోసం అని నేను పిల్లలకు మొదటి రోజే చెబుతాను.

తగ్గించడం, ఆపడం, ఆపి ఉంచడం

బ్రేకుకు మూడు పనులు. వేగం తగ్గించడం, ఆపడం, ఆపినదాన్ని కదలకుండా ఉంచడం. మన డ్రైవరు సోదరులకు ఇది కొత్త కాదు. తిరుమల ఘాటు దిగేటప్పుడు చిన్న గేరులో వేసి ఇంజను చేత పట్టిస్తారు. మలుపు దగ్గర కాలి బ్రేకు వేస్తారు. బస్టాండులో దిగేటప్పుడు పార్కింగు బ్రేకు లాగుతారు. మూడు పనులకు మూడు సాధనాలు.

రోబోలోనూ అంతే. డీసీ మోటారు తిరుగుతుండగా కరెంటు తీసేసి, దాని రెండు వైర్లను ఒకదానికొకటి కలిపితే ఆ మోటారే డైనమో అవుతుంది. తన కరెంటుతో తనే వెనక్కు గుంజుకుని వేగం తగ్గించుకుంటుంది. ఇప్పుడు వచ్చే కంట్రోలర్లలో ఈ ఏర్పాటు లోపలే ఉంటుంది. అరిగే భాగం ఏదీ లేదు గనుక ఇది మంచి బ్రేకే. కాని ఒక లోటు ఉంది. వేగం ఉన్నంతసేపే దానికి బలం. చక్రం నిలిచిపోయే వేళకు దాని పట్టు సున్నా. ఘాటులో ఇంజను బ్రేకును నమ్ముకుని దిగవచ్చు గాని, వాలులో బండిని దాని మీదే వదిలేసి టీ తాగడానికి పోరాదు. ఇదీ అటువంటిదే.

ఆపి ఉంచడంలోనే పిల్లల రోబోలు ఎక్కువగా ఓడిపోతాయి. ఫస్ట్ పోటీల్లో కొన్ని సంవత్సరాల ఆటల్లో రోబో చివర్లో కడ్డీ పట్టుకుని పైకి ఎక్కి వేలాడాలి. గంట మోగగానే మోటార్లకు ఆజ్ఞ ఆగిపోతుంది. ఆ తరవాత కూడా వేలాడుతూ ఉంటేనే మార్కులు. మోటారు బలంతో వేలాడే రోబో ఆ క్షణాన మెల్లగా కిందికి జారుతుంది.

మా వీధి పిల్లలది కూడా ఇదే కథ. నాలుగు కిలోల బరువున్న చెయ్యి. దాన్ని పైకెత్తి, మోటారుకు కరెంటు ఇస్తూనే పట్టి ఉంచుతున్నారు. మోటారు మీద చెయ్యి పెట్టి చూశాను, కాలిపోతోంది. తిరగని మోటారు తీసుకునే కరెంటంతా వేడే అవుతుంది. చల్లార్చడానికి లోపల గాలి కూడా ఆడదు. "బ్యాటరీ ప్లగ్గు పీకండి బాబూ" అన్నాను. పీకారు. చెయ్యి ధనేలుమని బల్ల మీద పడింది. కింద ఉన్న ప్లాస్టిక్ డబ్బా పగిలింది. డబ్బా చోట ఎవరి చెయ్యీ లేదు, అది మా అదృష్టం.

బ్రేకు విడవడానికి బలం, వేయడానికి కాదు

ఇక్కడే మన ఆర్టీసీ విద్య అక్కరకు వచ్చింది. గిలక బావిలో చేద లాగుతున్నాం. చెయ్యి జారితే ఏమవుతుంది? చేద బావిలో పడుతుంది. అంటే పట్టుకోవడానికి మన బలం కావాలి, బలం పోతే పట్టు పోతుంది. ఇది మొదటి రకం. రెండో రకం రైలు. గొలుసు లాగితే రైలు ఆగుతుందని అందరికీ తెలుసు. ఎందుకు ఆగుతుంది? గొలుసు లాగితే బ్రేకు పైపులోని గాలి ఒత్తిడి మారిపోతుంది. ఒత్తిడి సరిగ్గా ఉన్నంతవరకే బ్రేకు విడిచి ఉంటుంది. పైపు తెగినా, పెట్టెలు విడిపోయినా బ్రేకు దానంతట అదే పడుతుంది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ అనే ఆయన 1869లో చేసిన మొదటి గాలి బ్రేకులో ఈ గుణం లేదు. పైపు తెగితే బ్రేకు పోయేది. కొద్ది ఏళ్ళలోనే ఆయన దాన్ని తిరగేసి, గాలి పోతే బ్రేకు పడేలా మార్చాడు. అంతకుముందే 1854లో ఓటిస్ అనే ఆయన న్యూయార్కు ప్రదర్శనలో లిఫ్టు బల్ల మీద నిలబడి, పైనున్న తాడును తెగ్గొట్టించాడు. తాడు బిగువు పోగానే స్ప్రింగు తెరుచుకుని, కొక్కేలు పక్క పట్టాల్లో దిగబడ్డాయి. బల్ల ఆగింది.

మన కొత్త బస్సుల్లో వెనక చక్రాలకు ఉన్న స్ప్రింగు బ్రేకు కూడా ఇదే. గట్టి స్ప్రింగు ఎప్పుడూ బ్రేకును వేయాలనే చూస్తుంది. ట్యాంకులోని గాలి దాన్ని నొక్కి పట్టి ఉంచుతుంది. గాలి దిగిపోతే బండి కదలదు. పొద్దున్నే గాలి ఎక్కేదాకా కాచుకుని, డ్రైవరుతో మాటలు పడిన మెకానిక్కులు ఈ సభలో ఎంతమంది లేరు! ఆ కాచుకోవడం వెనుక ఉన్న ధర్మం ఇది: బలం బ్రేకు విడవడానికి వాడాలి, వేయడానికి కాదు.

పిల్లలకు ఈ మాట చెప్పాక మరి వివరించనక్కరలేకపోయింది. స్ప్రింగు నొక్కి పట్టే, కరెంటు ఇస్తే విడిచే విద్యుదయస్కాంత బ్రేకులు బజారులో దొరుకుతాయి. కరెంటు ఉన్నంతసేపు చెయ్యి కదులుతుంది. ప్లగ్గు పీకితే ఉన్నచోటనే ఉంటుంది. మోటారు కూడా చల్లగా ఉంటుంది.

అయితే ప్రతి సూత్రానికీ ఒక హద్దు ఉంటుంది. విమానంలో ఇలా చేయరు. గాలిలో ఉండగా నూనె ఒత్తిడి పోయి చక్రాలు బిగుసుకుపోతే, దిగగానే టైర్లు పేలిపోతాయి. అందుకే అక్కడ ఒక వ్యవస్థ పోతే పనిచేయడానికి రెండో వ్యవస్థను, ఒత్తిడి నిలవ ఉంచే ట్యాంకును పెడతారు. కాబట్టి పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది. ముందు ప్రశ్న వేసుకోండి: కరెంటు పోయిన క్షణాన ఈ భాగం ఆగిపోవడం క్షేమమా, ప్రమాదమా? ఎత్తిన చెయ్యి, వేలాడే చట్రం ఆగడమే క్షేమం, అక్కడ స్ప్రింగు. వేగంగా పోయే పొడుగాటి రోబో చక్రాలు ఒక్కసారిగా బిగిస్తే బోర్లా పడుతుంది, అక్కడ మోటారు చేతనే నెమ్మదిగా తగ్గించాలి. ఈ ప్రశ్న వేసుకోకుండా బ్రేకు కొనడం, కొలత తీయకుండా చొక్కా కుట్టించడం వంటిది.

ఎక్కడ పెట్టాలి, ఎంత బలం ఉండాలి?

నాలుగు కిలోల బరువు, ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఇరుసు మీద పడే తిప్పుడు బలం సుమారు 23.5 న్యూటన్ మీటర్లు. మోటారుకూ ఇరుసుకూ మధ్య 60 కి ఒకటి గేరు ఉంటే, మోటారు దగ్గర దాన్ని పట్టడానికి 0.4 న్యూటన్ మీటరు చాలు. అందువల్ల బ్రేకును మోటారు దగ్గర పెడితే చిన్నది, చవకది సరిపోతుంది. అందరూ అక్కడే పెడతారు. కాని మధ్యలో గొలుసు తెగితే? మోటారు బ్రాహ్మాండంగా ఆగి ఉంటుంది, చెయ్యి మాత్రం కింద ఉంటుంది. గేరు బాక్సు వెనుక ప్రొపెల్లరు షాఫ్టు మీద హ్యాండ్ బ్రేకు ఉన్న బండ్లకు ఇదే లోపం. యాక్సిలు విరిగితే ఆ బ్రేకు ఎందుకూ కొరగాదు.

కాబట్టి మనిషి చెయ్యి పెట్టే చోట పడగల బరువుకు బ్రేకును చివరి ఇరుసు మీదే పెట్టమంటాను. స్థలం లేకపోతే మోటారు దగ్గర బ్రేకు పెట్టి, చివరి ఇరుసుకు ఒక పళ్ళ చక్రం, దాన్ని పట్టే నాలుక చేర్చమంటాను. బలం కనీసం లెక్కకు రెట్టింపు ఉండాలి. కొత్త బ్రేకు బలం వేరు, నూనె మరక పడిన పాత బ్రేకు బలం వేరు. కొందరు వర్మ్ గేరు పెట్టి, అది వెనక్కు తిరగదులే అని ధీమాగా ఉంటారు. నిలకడగా ఉన్నప్పుడు అది నిజమే. కుదుపుల్లో వర్మ్ కూడా కొంచెం కొంచెంగా జారుతుంది. దాని కంచు చక్రం అరిగేకొద్దీ ఆట పెరుగుతుంది. దాన్ని సాయంగా పెట్టుకోవాలి గాని, ఒక్కదాన్నే నమ్మరాదు.

మన్నిక అంటే ఏమిటి?

బ్రేకు అరగాలి. అరగని బ్రేకు పట్టదు. కాబట్టి మన్నిక అంటే అరగకపోవడం కాదు, అరుగుదల కంటికి కనపడటం, అరిగినది సులువుగా మారడం. ఈ విషయంలో విమానం వాళ్ళను చూసి నేర్చుకోవాలి. విమానపు బ్రేకుకు బయట చిన్న పిన్ను ఒకటి పొడుచుకుని ఉంటుంది. బ్రేకు పళ్ళేలు అరిగేకొద్దీ అది లోపలికి పోతుంది. పార్కింగు బ్రేకు వేసి, పిన్ను ఎంత మిగిలిందో చూస్తారు. విప్పి చూడవలసిన పని లేదు. మా పిల్లలు తమ బ్రేకుకు ఒక చిన్న ఇనుప చీల, పక్కన ఎర్ర గీత పెట్టారు. చీల గీతను దాటితే లైనింగు మార్చాలి. ఖర్చు ఏమీ లేదు.

విమానపు చక్రంలో కరిగే బిరడాలు కూడా ఉంటాయి. బ్రేకు మితిమీరి వేడెక్కితే టైరు పేలకముందే అవి కరిగి లోపలి గాలిని నెమ్మదిగా వదిలేస్తాయి. చెడిపోక తప్పనప్పుడు ఎక్కడ, ఎలా చెడిపోవాలో ముందే నిర్ణయించడం అన్నమాట. రోబోలో కూడా విలువైన గేరు బాక్సు పళ్ళు విరిగే బదులు, ముందుగా ఒక చవకైన పిన్ను తెగేలా పెట్టుకోవచ్చు. బరువును పట్టి ఉంచే దారిలో మాత్రం ఆ పిన్ను ఉండకూడదు.

కార్బన్ బ్రేకుల సంగతి మరీ చిత్రమైనది. ఉక్కు బ్రేకు ఎంత శక్తిని మింగితే అంత అరుగుతుంది. కార్బన్ బ్రేకు అరుగుదల ఎక్కువగా ఎన్నిసార్లు వేశారన్నదాని మీద ఆధారపడుతుంది. పదిసార్లు తడిమే బదులు ఒక్కసారి గట్టిగా వేస్తే ఎక్కువ కాలం మన్నుతుంది. అంటే సరుకును బట్టి వాడకం మారాలి. మన ఊరికి గర్వకారణమైన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. 1989లో మొదటిసారి ఎగిరిన అగ్ని క్షిపణి వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు కాలిపోకుండా హైదరాబాదు రక్షణ పరిశోధనశాలల్లో కార్బన్-కార్బన్ పదార్థాన్ని తయారుచేశారు. ఆ విద్యతోనే తరవాత తేజస్ యుద్ధ విమానానికి బ్రేకు పళ్ళేలు చేశారు. వేడికి తట్టుకున్నదే ఆపడానికి పనికివచ్చింది.

ఇక గ్యారేజీ నీతులు కొన్ని. ఒకటి, బ్రేకు పళ్ళేన్ని షాఫ్టుకు చిన్న స్క్రూతో మాత్రమే బిగించవద్దు, కీ గాడి గాని, చదును గాని ఉండాలి. స్క్రూ జారితే బ్రేకు పడుతుంది, చక్రం తిరుగుతుంది. రెండు, గొలుసు నూనె చిందే చోట బ్రేకు పెట్టవద్దు. పెట్టక తప్పకపోతే మధ్య రేకు కట్టాలి. మూడు, పూర్తిగా విడిచినప్పుడు లైనింగు ఎక్కడా తాకకూడదు. ఊరికే రాసుకునే బ్రేకు బ్యాటరీని తింటుంది, తనను తానే తింటుంది. నాలుగు, నొక్కి ఉన్న స్ప్రింగును చులకనగా చూడవద్దు. స్ప్రింగు బ్రేకు డబ్బాను బంధించే బోల్టు వేయకుండా విప్పరాదని మనకు మొదటి రోజే నేర్పారు. చిన్న స్ప్రింగుకైనా అదే మర్యాద.

ఐదు, అన్నిటికంటె ముఖ్యం, పరీక్ష. పిల్లలు బ్రేకు బిగించి, రెండుసార్లు చూసి, "పనిచేస్తోంది అంకుల్" అన్నారు. "ఐదు వందల సార్లు ఎత్తి, ప్లగ్గు పీకి, ఎంత జారిందో పుస్తకంలో రాయండి" అన్నాను. మొహాలు చిన్నబుచ్చుకున్నారు గాని రాశారు. నూట ఎనభై దాకా ఏమీ లేదు. అక్కడి నుంచి ఒక మిల్లీమీటరు, రెండు, నాలుగు. విప్పి చూస్తే లైనింగు అద్దంలా మెరుస్తోంది, దాని మీద గొలుసు నూనె తుంపరలు. రేకు కట్టి, లైనింగు మార్చి, మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టించాను. ఈసారి ఐదు వందలూ జారకుండా నడిచింది. రెండుసార్లు చూసి పెట్టెలో సర్దుకుని ఉంటే, ఆ నూట ఎనభయ్యోది పోటీలో వచ్చేది, లేదా ఎవరి వేళ్ళ మీదో వచ్చేది.

ఆ జట్టుకు బహుమతి రాలేదు. ఇంకా వేగంగా పరుగెత్తే రోబోలు గెలిచాయి. కాని గంట మోగాక వాళ్ళ చెయ్యి ఎత్తినచోటనే ఉందట. ఆ నలుగురిలో ఒక అబ్బాయి ఇప్పుడు లిఫ్టుల పనిలో ఉన్నాడు. ఫోను చేసినప్పుడల్లా, "అంకుల్, కరెంటు పోతే ఏమవుతుందని ఇక్కడ అందరికంటే ముందు నేనే అడుగుతున్నాను" అంటాడు. లిఫ్టు ఎక్కేవాళ్ళకు ఆ ప్రశ్న సంగతి తెలియదు, తెలియనక్కరలేదు కూడా.

మనం చేయగలిగింది

మిత్రులారా, 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైందని మనందరికీ తెలుసు. ఆనాటి నుంచి ఎన్ని వేల చేతులు బ్రేకులు కట్టాయో లెక్క లేదు. ఆగిన బస్సు గురించి ఎవరూ పత్రికలో రాయరు. బాగా పనిచేసిన బ్రేకుకు సాక్ష్యం ఏమీ జరగకపోవడమే. అందువల్ల ఈ విద్యకు పుస్తకాలు తక్కువ, అది మన చేతుల్లోనే ఉండిపోయింది. మన చేతులతోపాటే పోతుంది కూడా.

కాబట్టి సంఘానికి నా విన్నపం రెండు మాటలు. మొదటిది, మీ ఊళ్ళో, మీ వీధిలో ఇటువంటి పిల్లలు ఉంటే పలకరించండి. వారానికి రెండు గంటలు చాలు. వాళ్ళకు కంప్యూటరు తెలుసు, మనకు తెలియదు. మనకు లైనింగు వాసన తెలుసు, వాళ్ళకు తెలియదు. పెద్దరికం చేయవద్దు, పక్కన కూర్చోండి, "ప్లగ్గు పీకితే ఏమవుతుంది?" అని అడగండి. మిగిలినది వాళ్ళే చేసుకుంటారు.

రెండవది మన గురించి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములు విప్పి ఆ దుమ్మును గాలిపైపుతో ఊదినవాళ్ళం మనలో చాలామంది. దాని హాని ఎన్నో ఏళ్ళ తరవాత గాని బయటపడదు. ఆయాసం, వదలని దగ్గు ఉన్నవారు డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు, తాము బ్రేకు సెక్షనులో పనిచేసిన సంగతి తప్పక చెప్పండి. పిల్లలకు కూడా నేను బ్రేకు దుమ్మును ఊదనివ్వను, తడిగుడ్డతో తుడిపిస్తాను.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. బ్రేకుల గురించి చెప్పడానికి వచ్చినవాడు ఆగవలసిన చోట ఆగకపోతే అంతకన్న అప్రతిష్ఠ లేదు.